కట్టిన చేయే విప్పాలట!

నేను ఒక వెదురు బద్దను. పలాస దగ్గర ఒక ఊళ్లో, విరిగిన ఎముకలకు నాటు కట్టు కట్టే కూర్మయ్య నన్ను చీల్చి, ఆముదం రాసి, ఎండబెట్టి, మరో మూడు బద్దలతో జత చేశాడు. బుట్టలల్లేవాళ్ల చేతిలో పడి ఉంటే చేపలు మోసుకుంటూ హాయిగా బతికేదాన్ని. నా ఖర్మ కొద్దీ వైద్యంలో పడ్డాను.

మొదట నన్ను కట్టించుకున్నవాడికి అసలు ఎముకే విరగలేదు, మణికట్టు బెణికింది. అది దానంతటదే తగ్గింది, పేరు కూర్మయ్యకొచ్చింది. రెండోవాడి చేయి వంకరగా అతుక్కుంది. వాడు పథ్యం తప్పి వంకాయ తిన్నాడట, తప్పంతా వంకాయదేనట! ఆ మాట విని తలలూపిన పెద్దమనుషుల్ని చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

మూడో మనిషి తవిటమ్మ. జీడిపిక్కల కార్ఖానాలో పని. పప్పు ముక్క కాకుండా తీయడంలో ఆమె కుడిచేతికి సాటి లేదు. ఒకరోజు పొద్దున నూనె జిడ్డు మీద కాలు జారి పడింది. కుడి ముంజేతి ఎముకలు రెండూ విరిగాయి. ఆస్పత్రికి వెళితే చేయి తీసేస్తారేమోనని భయపడి, మొగుడు దండాసి ఆమెను కూర్మయ్య దగ్గరికి తెచ్చాడు.

కూర్మయ్య ఆకుపసరు పూసి, మమ్మల్ని నాలుగు వైపులా పెట్టి, తాడు బిగించాడు. ఎంత బిగించాడంటే ఆమె చర్మం కింద నెత్తురు కొట్టుకోవడం నాకు తెలిసింది.

“మూడో ఆదివారం దాకా ఇప్పకూడదు. కట్టిన సెయ్యే ఇప్పాల. మరొకలు ముట్టుకున్నారంటే ఎముక నిలవదు,” అని చెప్పి, మధ్యాహ్నం బస్సుకు చుట్టాల పెళ్లికి పోయాడు.

సాయంత్రానికి చేయి వాచింది. వాపుకు చోటేదీ? నేను ఒత్తుతూనే ఉన్నాను. బద్దను, వదులవడం నా చేతిలో లేదు.

“ఏళ్లు పగిలిపోతన్నాయి, ఇప్పీ మావా,” అని తవిటమ్మ ఏడ్చింది.

“ఆయనొచ్చీవరకు ఓర్సుకోయే,” అని దండాసి కూడా ఏడ్చాడు. తాడు మీద మాత్రం చేయి వేయలేదు. కత్తిపీట రెండడుగుల దూరంలో ఉంది!

తెల్లారేసరికి నొప్పి పోయింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఓరి తెలివితక్కువ మనుషులారా, అక్కడ స్పర్శ చచ్చిపోయింది! వేడి గంజి ఒలికి వేళ్ల మీద పడినా తవిటమ్మ చేయి వెనక్కి తీసుకోలేదు. అది దండాసి చూశాడు. అప్పుడు పిలిచాడు ఆటోని.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మొదట కత్తెర తీసుకుంది. కట్టు కోసేసి, గోరు నొక్కి రంగు తిరిగొస్తుందేమో చూసింది, వేళ్లు మెల్లగా చాపి చూసింది. తర్వాతే ఎక్స్-రే.

“ఎముకలకు ప్లేట్లు వేస్తాం, అతుక్కుంటాయి. బిగువుకు లోపల కండ చచ్చిపోతోంది, ముందు దాని పైపొర కోసి వదులు చెయ్యాలి,” అంది. “నిన్ననే వచ్చుంటే ఇంత ఉండేది కాదయ్యా. వాపు ఉన్నప్పుడు మేమైతే సగం పిండికట్టే వేస్తాం. వేళ్లు నీలబడితే కట్టు వెంటనే విప్పాలి. విప్పడానికి ఏ చేయైనా చాలు.”

చేయి దక్కింది. మూడు వేళ్లు ముడుచుకుపోయాయి, కార్ఖానాలో పని పోయింది. బద్దలు తిరిగి ఇవ్వాలన్న ఆచారం మాత్రం దండాసి మర్చిపోలేదు, మమ్మల్ని తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చాడు.

రెండు నెలలకు కూర్మయ్య వచ్చాడు. ముఖంలో సిగ్గు లేదు.

“మా అరుగు మీద సెయ్యిరిగినోడు కూకున్నాడు. నా బద్దలిచ్చీ.”

తవిటమ్మ కుడిచేత్తో నన్ను పట్టుకోబోయింది. జారిపోయాను. ఎడమచేత్తో తీసి, గడపకు ఆనించి, కాలితో ఒక్క తొక్కు తొక్కింది.

“ఆడిని ఆస్పత్రికి తోలీ,” అంది.

విరిగాను. హాయిగా ఉంది. ఆ మిగతా మూడూ కూడా విరిచెయ్యి తల్లీ, కూర్మయ్య వాటి మీదికి వంగుతున్నాడు!