తడి గోనె కింద బండ

మా గేటు లోపల నీళ్ల సంపు మీది బండ పగిలి అప్పటికి పదిహేను రోజులైంది. మేస్త్రీని పిలవమని నా కొడుకు మధుకర్‌కు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. బీడీలు చుట్టడానికి వాడకట్టు ఆడవాళ్లంతా రోజూ మా వరండాకే వస్తారు. పగులు చూస్తే ఏమనుకుంటారోనని సిగ్గుపడి, దాని మీద తడి గోనె పరిచి తునికాకు కట్టలు పెట్టాను. కట్టలున్నన్ని రోజులు ఎవరూ అటు అడుగు వేయలేదు.

ఆ రోజు ఆకు అయిపోయింది. ఉత్త గోనె మిగిలింది. నాకు ఆ సోయే లేదు. బీడీలు చుట్టడానికి వచ్చి గేటు దగ్గర ఆగిన శారమ్మను నేనే పిలిచాను.

“ఎండల నిలవడ్డవేందే, లోపటికి రా.”

గోనె మీద అడుగేసింది. బండతో పాటే సంపులో పడింది.

నిజామాబాద్ దవాఖానలో ఆమె తొడ ఎముకకు రాడ్డు వేసి ఇంటికి పంపారు. ఆమె కొడుకు శాంతి కుమార్ నష్టపరిహారం కట్టమని నాకు నోటీసు పంపాడు. మా వకీలు చదివి, “పగిలిందని తెలిసీ చెప్పకపోతే బాధ్యత మీదే వసంతమ్మా. తెలియదనండి. ఆమె పిలవకుండా వచ్చిందనండి. చూడడానికి మాత్రం పోకండి, ఒప్పుకున్నట్టవుతుంది” అన్నాడు.

“పోయినవనుకో అవ్వా, ఇల్లమ్మి కట్టాల్సిందే,” అన్నాడు మధుకర్. మేస్త్రీని పిలవలేని మొగోడు!

మా వాడలో కాలు బెణికినా సంత్రా పండ్లు పట్టుకుని పోయి పలకరిస్తారు. నేను పోలేదు. ఆడవాళ్లు బీడీల చాటలు పట్టుకుని నా గేటు దాటి వేరే ఇంటికి పోతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఏ ఇల్లు పోతుందని భయపడ్డానో ఆ ఇల్లే నాకు జైలైంది.

నోటీసు వచ్చిన పన్నెండో రోజు ఉండబట్టక సంత్రాలు కొనుక్కుని శారమ్మ ఇంటికి పోయాను.

నన్ను చూడగానే శాంతి కుమార్ ఫోన్‌లో ఏదో నొక్కి తల్లి దిండు పక్కన పెట్టాడు. మంచం మీది శారమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది.

“ఏం మాట్లాడకక్కా. వీడు రికార్డు జేస్తుండు.”

“అవ్వా!” అని అరిచాడు వాడు.

తొడలో ఇనుము పెట్టుకుని కూడా ఇది నన్నే కాపాడాలని చూస్తోంది. ఇంక నా వల్ల కాలేదు. ఫోన్ దగ్గరికి వంగాను.

“బండ పలిగిందని నాకెరుకే. గోనె గప్పింది నేనే. లోపటికి పిలిచింది గూడ నేనే.”

“ఇల్లు పోతది గదక్కా,” అని శారమ్మ గట్టిగా ఏడ్చింది.

శాంతి కుమార్ ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. మా ఇద్దరిలో ఎవరి మొహమూ చూడకుండా బయటికి పోయాడు.