ఎడమ షెడ్డు, కుడి షెడ్డు

అయినా, ఊరు ఊరంతా తన భుజాలెక్కి కూర్చుంటానంటే ఎలా? ఎక్కించుకున్నది నువ్వే కదా అని లోపలెక్కడో ఎవరో అన్నట్టనిపించింది. యజమాని ఆ గొంతు నొక్కేసి, కిటికీలోంచి కిందికి చూశాడు.

యంత్రాలు లారీలెక్కుతున్నాయి. బూట్ల ఫ్యాక్టరీ ఊరొదిలి రేవు పట్నానికి తరలిపోతోంది. గేటు బయట జనం అరవడం మానేశారు. ఊరికే చూస్తున్నారు. తిట్టినా బాగుండును. చూపులకు ఏమని జవాబు చెబుతాడు?

ఊళ్లో బూట్లు తప్ప మరో పని మిగలకుండా చేసింది అతనే. జత ఎవడూ ఎత్తుకుపోకుండా ఎడమ బూట్లకు రోడ్డుకిటు ఒక షెడ్డు, కుడి బూట్లకు అటు ఒక షెడ్డు కట్టించాడు. అంతా నేర్చుకుని ఎవడూ పోటీకి దిగకుండా మనిషికి ఒక్క పనే నేర్పించాడు. అప్పట్లో అందరూ దాన్ని తెలివన్నారు. తనూ నమ్మాడు.

తలుపు తోసుకుని అతని అక్క వచ్చింది. మొదటినుంచీ ఎడమ షెడ్డులో పైతోలు కుట్టే మనిషి. ఒక బూటు తెచ్చి బల్లమీద పెట్టింది.

"నువ్వు లేకపోతే మేం చేసుకోలేమా అని రెండు షెడ్ల వాళ్లం కలిసి కుట్టాం. చూడు."

పైతోలు ఎడమకాలిది, అడుగు కుడికాలిది. అతను పగలబడి నవ్వాడు.

"ఏ కాలికి తొడుక్కుంటారు దీన్ని?"

"నీ మొహానికి తొడుగుతాం. ఇంతమందిని ఇంత చేతకానివాళ్లను చెయ్యడానికి ఎంత కష్టపడ్డావో పాపం."

"కూడు పెట్టానక్కా."

"పెట్టావు. చేతులు కట్టేసి నోటికందించావు."

"పనంతా నేర్పి ఉంటే ఏనాడో నన్ను ముంచేవాళ్లు."

"ఇప్పుడెవరు ఎవర్ని ముంచారురా?" అక్క గొంతు పెంచలేదు. "జత మొత్తం ఎలా అవుతుందో నీ ఒక్కడికే తెలుసు. అది చెప్పి పో. ఆ తర్వాత నీ మొహం చూపించమని ఎవరూ బతిమాలరు."

అతనికి జాలి కలగలేదు. ఆ బూటును చూస్తుంటే మాత్రం ఒళ్లు మండింది. కుట్లు వేటికవి చూస్తే వంక పెట్టడానికి లేదు. అన్నీ కలిశాకే వికారం. తను కట్టిన ఊరు అచ్చం ఇలాగే ఉంది.

"కూర్చో," అన్నాడు కటువుగా.

వంగి తన కాళ్ల బూట్లు రెండూ విప్పి బల్లమీద పక్కపక్కన పెట్టాడు. సొరుగులోంచి చాకు తీశాడు. ఎడమ బూటు తిరగేసి, అడుగు కుట్టులో మొదటి పోగు తెంపాడు.