బతికున్న భూమేశ్‌కు పూలదండ

పారాడలేని మనిషి పరారీ అయ్యాడు. చదివేవాళ్లు అచ్చుతప్పు అనుకోకండి. ఇది కంపెనీ తప్పు.

మస్కట్ దగ్గర మబేలాలో మేం కడుతున్న బిల్డింగు మూడో అంతస్తు దగ్గర పరంజా పలక విరిగి భూమేశ్ కింద పడ్డాడు. మేమంతా కళ్లారా చూశాం. మా చేతులతోనే ఎత్తి అంబులెన్స్ ఎక్కించాం. నడుం విరిగింది. మెడకు పట్టీ వేశారు. కంపెనీ మనిషి ఒకడొచ్చి, నెత్తురు మీద ఇసక పోయించి, నేరుగా ఆఫీసుకు వెళ్లి, 'ఈ పనివాడు అంతకు ముందు రోజే మా దగ్గర్నుంచి పారిపోయాడు' అని సర్కారుకు ఫిర్యాదు పెట్టాడు. పారిపోయినవాడు పడిపోతే కంపెనీకి పూచీ ఉండదు కదా! నడుం విరిగినవాడు అంత పరుగు పెట్టాడంటే వాణ్ణి ఒలింపిక్స్‌కు పంపాలి గానీ ఆస్పత్రిలో పెట్టడమేమిటి?

ఇలా కంపెనీ విడిచి కాగితాల్లేకుండా బతికేవాళ్లను గల్ఫులో 'ఖల్లివెల్లి' అంటారు. అరబ్బీలో 'పోనీ, వదిలెయ్' అని అర్థం. మావాళ్లు దాన్ని తెలుగు చేసేసుకున్నారు. ఖాళీగా వచ్చి ఖాళీగా వెళ్లేవాడు ఖల్లివెల్లి. మా భూమేశ్ వెళ్లిందల్లా మంచం మీదికి. కానీ ఆ ముద్ర పడ్డాక మనిషిని విమానం ఎక్కించలేం. కంపెనీ ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలంటే ఎంబసీ గట్టిగా అడగాలి. ఎంబసీ అడగాలంటే మన రాష్ట్రం రాయాలి. రాష్ట్రం రాయాలంటే మా ఎమ్మెల్యే ఒక లెటర్ ఇవ్వాలి. డాక్టరు మాత్రం సూటిగా చెప్పాడు. ఇంటి దగ్గర పెద్దాస్పత్రిలో వైద్యం తొందరగా మొదలైతే నడుస్తాడు. నాన్చితే ఆ రెండు కాళ్లూ ఇక లేనట్టే.

శుక్రవారం సెలవు. రూమ్‌లో బంకుబెడ్ల మీద అందరం కూర్చున్నాం. సంజీవ్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఎమ్మెల్యే పీఏను పట్టుకున్నాడు. సంజీవ్ మాలో కరెంటు పనివాడు. చేతిలో టెస్టర్, నోట్లో కూడా టెస్టరే. ఎవరితో మాట్లాడినా షాక్ ఉందో లేదో చూస్తాడు.

"సార్, మాది మీ నియోజకవర్గమే. మస్కట్ల ఉంటున్నం. పడి నడుం ఇరిగినోన్ని కంపెనీ ఖల్లివెల్లి జేసింది, సారు లెటర్ గావాలె."

"మొన్న ఓటెయ్యనీకి వచ్చిన్రా?"

"డ్యూటీల ఉంటిమి సార్."

"మరి ఆ డ్యూటీ ఇచ్చినోనికే ఫోన్ జేస్కోరాదు? ఖల్లివెల్లి కేసులు సారు ముట్టడు."

ఫోన్ కట్ అయింది.

"సారు బామ్మర్ది నాకెర్కే," అన్నాడు భూమయ్య. మాలో పెద్ద తాపీ మేస్త్రీ ఆయన. వయసులోనూ, భయంలోనూ పెద్ద. "ఈసారి ఊరికి పోయినప్పుడు కాళ్లు మొక్కి అడుగుత."

"నువ్వెప్పుడు పోతవ్ పెద్దబాపు?" అన్నాడు సంజీవ్. "వచ్చే ఏడా? అప్పటికి మొక్కనీకి సారుకు కాళ్లుంటయ్. భూమేశ్‌గానికి ఉండయ్."

"మరేం జేస్తవ్‌రా? గిక్కడ ధర్నా జేస్తె లోపలేస్తరు."

"ధర్నా గిక్కడెవడు జేస్తడు? సారు ఫేస్‌బుక్ పేజీ మీద జేద్దాం. వెయ్యి మందిమి ఒక్కపారి పోయి కూసుందాం."

"ఓటుకే ఇనని లీడరు ఫోటుకింటడా?"

"ఫోటుకే ఇంటడు పెద్దబాపు! ఓటు అయిదేండ్లకొక్కసారి. ఫోటు దినాం పెడ్తడు. ఓటేసి గమ్మున కూసుంటెనే గద మన గతి గిట్లయింది. ఓటు మొదలే గాని ఆఖరు గాదు."

వర్గ పోరాటం గురించి మేం విన్నాం. ఇది నియోజకవర్గ పోరాటం అన్నమాట!

కింద వీధిలో బాబు మియా చాయ్ దుకాణం ఉంది. హైదరాబాదీ. మబేలాలో తెలుగు నోరున్న ప్రతివాడూ ఆయన గ్లాసులోనే తడుపుకుంటాడు. విషయం చెప్పి, పోస్టు అందరితో షేర్ చేయించాలన్నాం. ఆయన గరిటె పైకెత్తాడు.

"షేర్ కరో బోల్‌రే? అరె, షేర్ తో హమీచ్ హై! పులిని పట్కొని పులి అయితవా అని అడుగుతున్నరేంది? నా దుకాణంల ముందు షేర్, తర్వాత చాయ్. షేర్ నై కరే తో చాయ్ నై."

అలా సిమెంటు కలిపే చేతులు కామెంటు కలపడానికి దిగాయి.

సంజీవ్ ఆస్పత్రికి వెళ్లి ఫోటో తీశాడు. మెడకు పట్టీతో భూమేశ్ అప్పుడే కళ్లు మూసుకుని నిద్రపోతున్నాడు. లేపడం ఎందుకులే అని అలాగే తీశాడు. కింద ఊరి పేరు, ఇంటి పేరు, జరిగిన అన్యాయం, కావలసిన లెటర్, అన్నీ పూసగుచ్చినట్టు రాసి ఎమ్మెల్యేను ట్యాగ్ చేశాడు. "త్యాగాలు జెయ్యనక్కర్లే, ట్యాగులు జేస్తె చాలు" అని గల్ఫు గ్రూపులన్నిటికీ వదిలాడు.

గంటలో వరద వచ్చింది. మొదటి కామెంటు రైసూత్ పోర్టులో పనిచేసే సమీయుల్లాది: 'ఇన్నాలిల్లాహి'. రెండోది 'ఓం శాంతి'. మూడోది 'రిప్'. నాలుగు, అయిదు, అరవై, ఆరువందలు, అన్నీ రిప్‌లే! చేతులు జోడించిన బొమ్మలు, వెలిగే దీపాలు, ఏడ్చే మొహాలు.

రిప్లై అడిగితే రిప్‌లే వచ్చాయి.

తప్పు ఎవరిదంటే ఏం చెప్పేది? మా గల్ఫు గ్రూపుల్లో మనిషి ఫోటో, కింద ఊరి పేరు కనబడిందంటే వాడు పోయాడనే లెక్క. పెట్టె ఎప్పుడొస్తుందన్నదే మిగిలిన ప్రశ్న. బతికినవాడి ఫోటో ఎవడు పెడతాడు? అందుకే కింద రాసింది చదవకుండానే వేలు దానంతటదే ఓం శాంతి నొక్కేస్తుంది. చావుకు అంతగా అలవాటు చేశారు మమ్మల్ని.

"తీసెయ్‌రా, అపశకునం!" అన్నాడు భూమయ్య.

సంజీవ్ తీసేయబోతుంటే భూమేశే ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, నాకు నేను ఓం శాంతి పెట్టుకోవాల్నా, వద్దా?" నవ్వితే నడుం లాగుతుందట, ఆగి ఆగి నవ్వుతున్నాడు. "తియ్యకుండ్రి. బతికినోని ముచ్చట పీఏ సుత ఇనలే. సచ్చినోని ముచ్చట జిల్లంత జూసింది. ఉండనియ్యి. ఏమయితదో సూద్దాం."

అయింది. చదవకుండా నొక్కే జబ్బు మా ఒక్కరిదే కాదు. పీఏకూ ఉంది. వేల సంతాపాలు చూసి, ఎమ్మెల్యే పేరు ట్యాగ్ అయి ఉండటం చూసి, గల్ఫు మృతుడి కుటుంబానికి పరామర్శ అని ప్రోగ్రాం వేసేశాడు. లైవ్ కూడా పెట్టాడు, ఎమ్మెల్యే సొంత పేజీలో.

మేం సైట్‌లో మధ్యాహ్నం అన్నం వేళ, బ్లాకుల నీడన ఒక్క ఫోన్ చుట్టూ ఇరవై తలలు పెట్టి చూశాం.

భూమేశ్ ఇల్లు కనబడింది. తల్లి దేవవ్వ అరుగు మీద కూర్చుని చాటలో బీడీలు చుడుతోంది. కోడలు శ్రీవాణి పక్కన ఆకు కత్తిరిస్తోంది. అయిదు కార్లు ఆగాయి. తెల్లచొక్కా ఎమ్మెల్యే, చేతిలో బారెడు బంతిపూల దండ. దేవవ్వ చేతులు పట్టుకుని గొంతు గద్గదం చేశాడు.

"ధైర్యంగుండవ్వా. కొడుకు లేని లోటు నీకు రానియ్య. ఇయ్యాల్టి నుంచి నేనే నీ కొడుకు."

దేవవ్వ అయోమయంగా చూసింది. "నా కొడుకు లేకపోవుడేంది? పొద్దుగాలనే మాట్లాడిండు. ఏం కూరనే అని అడిగిండు."

ఎమ్మెల్యే పీఏ వంక చూశాడు. పీఏ చెవిలో అన్నది కూడా లైవ్‌లో వినబడింది. "పాపం షాక్‌ల ఉన్నది సార్. ఫోటో యాడున్నదో అడిగి దండెయ్యుండ్రి."

"షాక్ మాకు గాదు, మీకు," అని శ్రీవాణి లేచింది. భర్తకు వీడియో కాల్ కలిపి ఫోన్‌ను సరిగ్గా ఎమ్మెల్యే ముక్కు ముందు పెట్టింది.

"దండం సారు," అన్నాడు భూమేశ్. "సచ్చినోన్ని నేనే. దండ తెచ్చిన్రట. మెడకు పట్టీ ఉన్నది సారు, ఇప్పుడు పట్టది. దండ గాదు, లెటర్ ఉంటె ఇయ్యుండ్రి."

సైట్‌లో ఇరవై గొంతులు ఒక్కసారి గొల్లుమన్నాయి. నవ్వో ఏడుపో మాకే తెలియలేదు. పీఏ "కట్ జెయ్, కట్ జెయ్" అని అరుస్తున్నాడు. లైవ్ తీసే మనిషి కంగారులో ఏది నొక్కాడో ఏమో, ఎమ్మెల్యే మొహం ఇంకా పెద్దగా కనబడింది. ఈలోపు సంజీవ్ గ్రూపులన్నిటికీ ఒకే మాట పంపాడు: 'లెటర్'. ఇక చూడండి! రూవి, సలాలా, దుబాయ్, కువైట్, ఏ గదిలో తెలుగువాడుంటే ఆ గది నుంచి ఒకే కామెంటు, లెటర్, లెటర్, లెటర్. ఆ వానలో ఎమ్మెల్యే మొహం కనబడలేదు.

కామెంట్లతోనే అయిపోయిందని మేమనుకోలేదు. అసలు పని ఊళ్లో ఆడవాళ్లు చేశారు. ఎమ్మెల్యే కారు వైపు నడిచేసరికి బీడీల చాటలు పట్టుకుని వాడకట్టు మొత్తం కారు ముందర కూర్చుంది. తిట్టలేదు, రాయి పట్టలేదు. ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టారు.

"లేవుండ్రమ్మా, సారుకు మీటింగున్నది," అన్నాడు పీఏ.

"మాకు సుత డ్యూటీ ఉన్నది," అంది శ్రీవాణి. "ఈడనే జేస్కుంటం. ఈ తొవ్వ మాది గాదా?"

"సావు ఇంటికచ్చినోడు తానం జెయ్యంది ఇంకో గడప తొక్కొద్దు బిడ్డా," అంది దేవవ్వ, ఎమ్మెల్యేతో ఎంతో మర్యాదగా. "నా ఇంటిని సావు ఇల్లు జేసినవ్. నువ్వేడికి పోయినా మైలనే. నా కొడుకు బతికిండని రాసిచ్చిపో, మైల పోతది."

చుట్టూ నవ్వు లేచింది. తుపాకీకి జడవని నాయకుడైనా నవ్వుకు జడుస్తాడు. ఎమ్మెల్యే కారు బానెట్ మీదే లెటర్‌ప్యాడ్ పెట్టి రాశాడు. "సదువు," అన్నారు ఆడవాళ్లు. చదివాడు. "అండ్ల కంపెనీ పేరేది?" అంది శ్రీవాణి. రాశాడు. "ఇగ ఫోన్ జెయ్యుండ్రి, మా ముంగటనే." మంత్రి ఆఫీసుకు చేశాడు, స్పీకర్‌లో.

లెటర్ కదిలింది. రాష్ట్రం రాసింది, ఎంబసీ అడిగింది, కంపెనీ పళ్లు నూరుకుంటూ ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. భూమేశ్ స్ట్రెచర్ మీద విమానం ఎక్కాడు. వారం దాటాక శ్రీవాణి, మేమూ ఊరివాళ్లూ భూమేశ్ కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పంపింది. హైదరాబాద్ ఆస్పత్రిలో భూమేశ్ కుడికాలి బొటనవేలు కదిలింది. అంతే వీడియో. దాన్ని మేం ఎన్నిసార్లు చూశామో బాబు మియా చాయ్ గ్లాసులే చెప్పాలి.

తర్వాతి శుక్రవారం మెస్సులో అన్నాలు తింటుంటే మా గదులకు కాపలా చూసే క్యాంప్ బాస్ అనీస్ వచ్చాడు. మాలాగే నెల జీతగాడు. కాకపోతే చేతిలో తాళాలు ఉంటాయి.

"ఉస్ గ్రూప్ మే కోయి నై రహనా," అన్నాడు, ఆ భూమేశ్ గ్రూపులోంచి అందరూ తన ముందే బయటికి రావాలని. "మేరే సామ్నే సబ్ నికలో. నై తో వీసా క్యాన్సిల్. ఊపర్ సే ఆర్డర్ హై భాయ్, మై క్యా కరూఁ."

"గ్రూపుల ఉంటే ఏమయితది అనీస్ భాయ్?" అన్నాడు సంజీవ్. "మనిషి బతికిండు. అది తప్పా?"

"తుమ్హారా తో క్యాన్సిల్ హో గయా సంజీవ్. అగ్లే హఫ్తే టికెట్." వచ్చే వారమే సంజీవ్‌ను ఇంటికి పంపేస్తారన్న ఈ మాటను అనీస్ నేలకు చెప్పాడు.

ఏనాడూ ఎవరికీ ఎదురు చెప్పని భూమయ్య కంచం పక్కకు నెట్టి లేచాడు. "సంజీవ్‌గాడు పోతె మేం అడుగుతం. గ్రూపు ఉన్నా అడుగుతం, లేకున్నా అడుగుతం. ఫోన్ పుట్టకముందు సుత నోరున్నది మాకు." ఆయన లేస్తే బెంచీ లేచింది. ఒక బెంచీ లేస్తే మెస్సు లేచింది.

సంజీవ్ చెయ్యెత్తి ఆపాడు. "ఆయన మీద కోపమెందుకు? గ్రూపులకెల్లి పొమ్మంటున్నడు, పోదాం. నొక్కుండ్రి."

అనీస్ సంజీవ్ ఫోన్ పట్టుకుని ఒక్కొక్కరి పేరూ చదివాడు. "భూమయ్య, లెఫ్ట్. అజహర్, లెఫ్ట్. ఇమ్రాన్, లెఫ్ట్..." ఆఖరికి ఊపిరి పీల్చుకుని మెస్సు మొత్తం వినేలా ప్రకటించాడు.

"చలో! సబ్ లెఫ్ట్ హో గయే!"

మా అందరికీ పార్టీ సభ్యత్వం ఇంత లాంఛనంగా ఇచ్చినవాడు ఇంకొకడు లేడు. ఎర్రజెండా లేదు, చందా రసీదు లేదు. కంపెనీయే మమ్మల్ని లెఫ్ట్ చేసింది!

కంచాలు కడిగే లోపే ఫోన్లన్నీ ఒకదాని వెంట ఒకటి మోగడం మొదలైంది. ఊళ్లో శ్రీవాణి కూడా ఆ గ్రూపుకు అడ్మినే. వరసగా లెఫ్ట్, లెఫ్ట్ అని పడుతుంటే ఆమెకు అర్థం కాదా? సంజీవ్ వీసా సంగతి మాలో ఒకడు అప్పుడే ఆమె చెవిన వేశాడు. కొత్త గ్రూపు తెరిచింది. అడ్మిన్లందరూ బీడీల ఆడవాళ్లే. వాళ్లకు కంపెనీ వీసా లేదు, క్యాన్సిల్ చేయడానికి. మమ్మల్నందరినీ లాగేసింది. మొదటి పోస్టు సంజీవ్ ఫోటో, ఈసారి కళ్లు తెరుచుకుని ఉన్నది. కింద ఒకే వాక్యం: 'మా అన్న వీసా ఎందుకు క్యాన్సిల్ అయిందో ఎమ్మెల్యే సారు మా వాడకట్టుకచ్చి చెప్పాలె.'

అప్పుడు అనీస్ జేబులో కూడా ఫోన్ మోగింది. భూమేశ్ పడిన రోజున శ్రీవాణి ఆ నంబర్‌కు ఎన్నిసార్లు చేసిందో! ఆయన పేరు కూడా కలిపేసింది.

అనీస్ ఫోన్ తీసి చూశాడు. మెస్సంతా ఆయన బొటనవేలినే చూస్తోంది. వేలు స్క్రీన్ మీదికి వెళ్లింది. కాసేపు గాలిలో ఆగింది.

"మేరా భీ కాంట్రాక్ట్ ఖతమ్ హోరా," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

లెఫ్ట్ నొక్కకుండా ఫోన్‌ను అలాగే జేబులో పెట్టుకుని, బెంచీ మీద కూర్చుని, "ముఝే భీ ఖానా లావ్ రే," అన్నాడు. భూమయ్య తన పక్కన చోటు చేశాడు.