నాలుగున్నరకి దిగే జెండా

నూట అరవయ్యో కిలోమీటరు దగ్గర, నీళ్లిచ్చే టెంటు కింద బూట్లు విప్పుకుని కూర్చున్నాను. దర్జాగా కాళ్లు చాపుకుని మరీ కూర్చున్నాను. పొద్దున ఆరింటికి రిజర్వాయరులో దిగి దాదాపు నాలుగు కిలోమీటర్లు ఈదాను. ఆ తర్వాత సైకిలెక్కాను. ఇంకో ఇరవై కిలోమీటర్లు తొక్కితే సైకిలు భాగం అయిపోతుంది, ఆపైన పరుగు. సైకిలు గీత దాటడానికి గడువు సాయంత్రం నాలుగున్నర. నా లెక్క ప్రకారం అప్పుడు మూడున్నర. ఇరవై కిలోమీటర్లకి గంట టైముంది, ఇంకేం కావాలి?

నిరుడు ఇదే గీత దగ్గర రెండు నిమిషాలు ఆలస్యమై ఆగిపోయాను. నేను ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. అక్కడ మడతలు పెట్టే ఆడవాళ్లు ఏడాది పొడుగునా నన్ను 'రెండు నిమిషాలక్క' అనే పిలిచారు. నవ్వుతూ పలికేదాన్ని గానీ లోపల ఒళ్లు మండేది. నలభై ఆరేళ్ల వయసులో రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి సాధన చేశాను. ఈసారి కూడా ఆగిపోతే మళ్లీ లేచే ఓపిక నాకు లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు గీత దగ్గర జెండా పట్టుకుని నిలబడేది మా ఆయనే. ఆయన రైలు గేటు దగ్గర గేట్‌మాన్. ఆ మాట విని పోటీ నడిపేవాళ్లు ఎగిరి గంతేసి జెండా ఆయన చేతికిచ్చారు. పచ్చ జెండా పైన ఉన్నంతసేపూ దాటినవాళ్లు లోపల, దించాక వచ్చినవాళ్లు బయట. "నువ్వొచ్చినా సరే, నాలుగున్నరంటే నాలుగున్నరే," అని నాకు ముందే చెప్పాడు.

"నాకోసం ఆపమని నిన్నెవరడిగారు?" అన్నాను.

నాది పుట్టుకతోనే ఆలస్యం. పెళ్లైన నెలకే మా ఆయన ఇంట్లో గడియారాలన్నీ పది నిమిషాలు ముందుకి జరిపాడు, నా చేతి వాచీతో సహా. ఏం లాభం? వారం తిరక్కుండా పది తీసేసి చదవడం అలవాటైపోయింది. మా అమ్మాయి బళ్లో కూడా పది తీసేసి టైము చెప్పి టీచరుతో చీవాట్లు తింది.

పోటీకొచ్చిన మిగతావాళ్ల చేతులకి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్పే వాచీలున్నాయి. నాది నీళ్లు తగిలితే ఆగిపోయే రకం. అందుకే ఈదేటప్పుడు సైకిలు సంచీలో ఉంచాను. ఒడ్డున తలుపంత గడియారం పెట్టారట గానీ, కళ్లజోడు లేకపోతే నాకు ఒడ్డే కనపడదు. సంచీలోంచి వాచీ తీస్తే ఎనిమిదీ పదిహేను. పది తీసేస్తే ఎనిమిదీ అయిదు. అనుకున్నదానికంటే పది నిమిషాలు ముందే తేలానని, చేపకి చెల్లెల్నని, రోజంతా మురిసిపోతూ తొక్కాను.

ఆ సంచీలోనే ఒక చీటీ కూడా ఉంది. ముందురోజు సంచీ సర్దింది మా ఆయనే. చీటీలు రాయడం ఆయనకి జబ్బు. గ్యాసు కట్టెయ్, తాళం రెండుసార్లు లాగి చూడు, గొడుగు మర్చిపోకు. ఇక్కడ కూడానా అని చిరాకేసి, చదవకుండానే వీపు జేబులో కుక్కాను.

ఇప్పుడు టెంటు కింద ఖర్జూరాల కోసం జేబులో వెతుకుతుంటే అది చేతికొచ్చింది. చెమటకి తడిసి ముద్దయింది. ఏం రాశాడో చూసి నవ్వుకుందామని విప్పాను.

'వాచీ సరిచేశాను. ఈ ఒక్కరోజు పది తీసేయకు.'

వాచీ చూశాను. మూడూ నలభై. "బాబాయ్, టైమెంత?" అని నీళ్లిచ్చే పెద్దాయన్ని అడిగాను.

"మూడూ నలభై అమ్మా," అన్నాడు తాపీగా.

బూట్లు తొడుక్కునేసరికి ఇంకో రెండు నిమిషాలు పోయాయి. లేసు ముడి పడదే! ఆఖరికి ఒక లేసు అలాగే లోపలికి దోపి సైకిలెక్కాను.

నలభై ఎనిమిది నిమిషాల్లో ఇరవై కిలోమీటర్లు. అంత వేగంగా ఆ రోజు పొద్దున, కాళ్లలో సత్తువున్నప్పుడు కూడా తొక్కలేదు. పైగా ఎదురుగాలి. మొదటి అయిదు కిలోమీటర్లూ మా ఆయన్ని తిట్టుకుంటూ తొక్కాను. నోటితో చెప్పి చావచ్చుగా! ఆ తర్వాతి అయిదూ నన్ను నేనే తిట్టుకున్నాను. మడత విప్పి చదవడానికి ఎంతసేపు పట్టేదని?

పది కిలోమీటర్లున్నాయనగా నాలుగూ అయిదు. పర్వాలేదు, అందుతుంది. అంతలో ఫ్లైఓవరు వచ్చింది. ఎక్కుతుంటే తొడ కండరం పట్టేసింది. పళ్లు బిగించి ఒంటి కాలితో తోశాను. దిగేటప్పుడు బ్రేకు మీద వేలు కూడా వెయ్యలేదు. పక్క కంచెకి కొట్టుకుంటే ప్రాణం పోతుందని తెలుసు. అయినా వెయ్యలేదు. మూడు కిలోమీటర్లున్నాయనగా నాలుగూ ఇరవై మూడు.

ఆయన ఆగడు. అది నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు. మా అమ్మాయి కడుపులో ఉండగా నొప్పులొచ్చి కారులో ఆసుపత్రికి పోతుంటే, ఆయన గేటు దగ్గరే ఆగిపోయాం. డ్యూటీలో ఉన్నది ఆయనే. మా అత్తగారు కారు దిగి, "ఒరేయ్, నీ పెళ్లాంరా లోపల!" అని అరిచింది. ఆయన ముఖం పాలిపోయింది. గేటు మాత్రం ఎత్తలేదు. పదకొండు నిమిషాలు సీటు గుడ్డ చింపేసేంత గట్టిగా పట్టుకుని పడి ఉన్నాను. రైలు పోయాకే ఎత్తాడు. ఆసుపత్రి గుమ్మంలోనే బిడ్డ పుట్టింది. పందొమ్మిదేళ్లుగా ఆ పదకొండు నిమిషాలతో ఆయన్ని దెప్పుతూనే ఉన్నాను. ఏ గొడవొచ్చినా అదే నా బ్రహ్మాస్త్రం. ఆయన ఒక్కసారీ ఎదురు చెప్పలేదు.

కిలోమీటరుందనగా నాలుగూ ఇరవై ఎనిమిది. ఊపిరి గొంతులో కోస్తోంది. ఆఖరి మలుపు తిరిగాను. దూరంగా తెల్ల గీత, దాని పక్కన చేయెత్తి మా ఆయన. జెండా పైనే ఉంది. తల వంచి తొక్కాను. ఉంది, ఇంకా ఉంది, అందుకున్నానురా దేవుడా అనుకున్నాను.

అప్పుడు చేతికున్న వాచీ కంటపడింది.

నాలుగున్నర దాటింది. సెకన్ల ముల్లు ఇరవై దగ్గరుంది. కళ్లెత్తి చూశాను. మా ఆయన తన వాచీ చూడట్లేదు, నన్నే చూస్తున్నాడు. ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉంది. పక్కన పర్యవేక్షకురాలు తల వంచుకుని నంబర్లు సరిచూసుకుంటోంది.

దాటెయ్యొచ్చు. మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదు. లాండ్రీలో తలెత్తుకుని తిరగొచ్చు. ఎంత ఆశపడ్డానో చెప్పలేను. కానీ ఆ ముఖం నాకు తెలుసు. గేటు అవతల పాలిపోయి నిలబడ్డ ముఖమే అది.

రెండు బ్రేకులూ నొక్కాను. గీతకి జానెడు ఇవతల చక్రం ఆగింది.

"దించు," అన్నాను.

"దాటవే," అన్నాడు పెదవులు కదలకుండా. "తప్పు నాది. వాచీ నేను ముట్టుకోకపోతే..."

"చీటీ చదవంది నేను. దించవయ్యా! ఆ రోజు గేటు ఎత్తనివాడివి ఇవాళ జెండా దించకపోతే, ఆ పదకొండు నిమిషాలూ నేను దేనికి పడ్డట్టు?"

జెండా దిగింది. పర్యవేక్షకురాలు తలెత్తి చూసి, "అయ్యో, ఇంత దగ్గరికొచ్చి!" అంది.

హ్యాండిలు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గుపడలేదు. ఏడాది కష్టం, జానెడు దూరంలో పోయింది. మా ఆయన జెండా చుట్టి చంకలో పెట్టుకుని, గీత దాటి నా వైపుకొచ్చి సైకిలు పట్టుకున్నాడు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి.

"వాచీ మళ్లీ పది ముందుకి పెట్టేదా?" అనడిగాడు.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను," అన్నాను.

వాచీ చూసుకున్నాను. నాలుగూ ముప్పై నాలుగు. ఏమీ తీసేయకుండా చదివాను.