కట్టమ్మ చీరల ఫోటోలు

సున్నం కొట్టిన గోడ ముందు మూడు కాళ్ళ కెమెరా నిలబెట్టి, ఓదెలు నల్లగుడ్డలో తల దూర్చాడు. వెనక గాజు మీద కట్టమ్మ నేసిన చీర తలకిందులుగా కనబడింది. ఆ చీరలో ఉన్న సోనీ కూడా తలకిందులుగానే, కొయ్యలా బిగుసుకుని ఉంది.

"గట్ల బిగుసుకోకు బిడ్డా, జర అలకగ నిలవడు."

"కదిలితె కరాబైతదంటివి గదా తాతా!"

ఓదెలు నవ్వుతూ తల బయటికి తీశాడు. బక్కపలచని మనిషి. నెరిసిన మీసం. ఫోటోలు కడిగే మందునీళ్ళలో నాని నాని గోళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. చిన్నప్పుడే సికింద్రాబాదులో ఒక స్టూడియోలో పనికి కుదిరి, చాలా ఏళ్ళు గాజు ప్లేట్లు కడిగాడు. యజమాని కొత్త కెమెరా కొనుక్కుని పాతది ఆయనకిచ్చాడు. దాన్ని భుజాన వేసుకుని మానుకోట వచ్చి, స్టేషను బజారులో గది తీసుకున్నాడు. పెళ్ళిళ్ళకు పిలిచేవారు. భార్య పోయాక కూడా ఆ సందడిలోనే ఆయనకు పొద్దు గడిచేది.

పోలీసు చర్య జరిగి రెండేళ్ళు కావస్తున్నా అడవుల్లో తుపాకులు ఆగలేదు. అక్కడ ఎవరినైనా చంపితే, చచ్చినవాడెవరో గుర్తుపట్టడానికి ఫోటో కావాలని పోలీసు క్యాంపు వాళ్ళు ఓదెలును జీపెక్కించుకుని పోయేవారు. ఆ సంగతి తెలిసి పెళ్ళివాళ్ళు ఆయన్ని పిలవడం మానేశారు. చాలా కాలంగా ఆయన కెమెరా ముందు ఎవరూ కదలలేదు.

అందుకే, చీరలకు ఫోటోలు కావాలని నిన్న కట్టమ్మ వచ్చి అడగగానే ఆయన లేచి నిలబడిపోయాడు. వెనక వీధిలో నాలుగు మగ్గాలు ఆడిస్తున్న సాలె ఆమె కట్టమ్మ. అంచులు చూపిస్తే పని ఇస్తానన్నాడు సికింద్రాబాదు సేటు. చీరలు పంపుదామంటే దారి లేదు. మూట కనబడితే చాలు, అడవిలో ఉన్నవాళ్ళకేనా అని దారిలో నాకా దగ్గర పోలీసులు ఆపి లాక్కునేవారు. ఫోటోలైతే సంచిలో పోతాయి.

కెమెరా ముందు నిలబడితే ఆయుష్షు తగ్గుతుందని వీధిలో ఆడవాళ్ళెవరూ ఒప్పుకోలేదు. తండా నుంచి కట్టెలమోపు అమ్మవచ్చిన సోనీ మాత్రం, "తగ్గితె తగ్గనీ, నాకు శాన ఉంది," అని మోపు దించేసింది.

పక్కన కట్టమ్మ తెల్ల ధోవతి ఒకటి చాపి పట్టుకుంది. దాని మీద పడిన ఎండ తిరిగి సోనీ మీద పడి, చీర మడతల్లో నీడలు పలచబడ్డాయి. ఓదెలుకున్న లైటు అదొక్కటే.

"అన్నా, ఎర్రచీర ఎర్రగనే వస్తదా?"

"నల్లగొస్తది చెల్లె. ఈ ప్లేటుకు ఎరుపు కనవడదు."

కట్టమ్మ ముఖం వాడిపోయింది. "నల్లచీర అనుకుంటడు గదా సేటు! నా కష్టమంత ఏం గావాలె?"

ఓదెలు కాసేపు మీసం నిమురుకున్నాడు. "మగ్గం కాడ తెగిన పోగులుంటయి గదా. ఏ చీరకు గా పోగు ఫోటో మూలకు కుట్టు. బొమ్మల అంచు చూస్తడు, పోగుల రంగు చూస్తడు."

కట్టమ్మ ధోవతి వదిలేసి చప్పట్లు కొట్టింది. నీడలన్నీ మళ్ళీ మీద పడితే సోనీ పకపకా నవ్వింది.

మధ్యాహ్నానికి నాలుగు చీరలూ అయ్యాయి. సోనీ లోపలికెళ్ళి తన అద్దాల రవిక, లంగా వేసుకుని వచ్చింది. పెట్టెలో ఒక్క ప్లేటు మిగిలింది. ఒకటెప్పుడూ క్యాంపు కోసం ఉంచాలని జమాదారు హుకుం.

అంతలో బజారు మొదట్లో జీపు హారను మోగింది. ముగ్గురూ విన్నారు. కట్టమ్మ గబగబా చీరలు పోగు చేసుకుంది. ఓదెలు పెట్టె వైపు చూశాడు. ఇప్పుడు ఏ చెట్టుకింద, ఎవరి కొడుకు ముఖం ఈ ప్లేటు మీదికి ఎక్కించాలో అనుకున్నాడు.

"సోనీ, గోడకాడికి రా."

"చీరలయిపాయె గదా?"

"నీ బట్టలకు గుడ తీస్త. జల్ది రా."

సోనీ గోడకు చేరి, చేతుల నిండా గాజులు కనబడేలా పైగుడ్డ సర్దుకుంది. జీపు వాకిట్లో ఆగేసరికి ఓదెలు ప్లేటు దూర్చి మూత తీశాడు. "నవ్వు బిడ్డా," అన్నాడు. ఆ మాట అని ఎన్నాళ్ళయిందో! సోనీ నవ్వింది. మూత పెట్టేశాడు.

జమాదారు లోపలికొచ్చాడు. "చలో, కెమెరా తీస్కో."

"ప్లేట్లు అయిపోయినయి సాబ్."

"ఒకటి ఉంచమన్న గదా!"

"గిప్పుడే అయిపోయింది," అని ఓదెలు సోనీని చూపించాడు. సోనీకి నవ్వు ఇంకా ఆగలేదు.

జమాదారు కోపంతో కెమెరా స్టాండును తన్నాడు. ఒక కాలు విరిగింది. కింద పడకుండా ఓదెలు కెమెరాను రొమ్ముకు హత్తుకున్నాడు.

"రేపే పట్నం పోయి ప్లేట్లు తే. ఎల్లుండికి ఈడుండాలె."

"అట్లనే సాబ్. కాలు గుడ బాగుచేయించుకొస్త."

జీపు పోయాక కట్టమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఓదెలు గోడకు చేరగిలబడి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

వంటగదిని చీకటి చేసుకుని ఆ మధ్యాహ్నమే ప్లేట్లు కడిగాడు. మరునాడు పొద్దున ఎండలో కాగితం మీదికి ఎక్కించాడు. కట్టమ్మ పోగులు కుట్టింది. సోనీ తన ఫోటో చూసుకుని, రవిక అద్దాలు మెరుస్తున్నాయని కట్టెల బేరం మరిచిపోయి బజారంతా చూపించుకొచ్చింది. మధ్యాహ్నం బండికి ఓదెలు కెమెరాతో, ఫోటోల సంచితో స్టేషనుకు నడిచాడు. "సేటుకు నేనే ఇస్త చెల్లె," అన్నాడు. ఎప్పుడొస్తావని కట్టమ్మ అడగలేదు.

చెప్పిన రోజుకు జమాదారు వచ్చి గద్దించాడు. "ప్లేట్లకు పోయిండు గదా సాబ్, మీరే పంపితిరి," అంది కట్టమ్మ అమాయకంగా. రెండుసార్లు వచ్చి చూసి, అతను రావడం మానేశాడు.

వానలు పడేసరికి సేటు మనిషి నూలుతో దిగాడు. అన్నిటికంటే ఎర్రచీరలే ఎక్కువ కావాలట. ఓదెలు సేటు దుకాణం పైగదిలోనే ఉంటున్నాడట, కొన్నవాళ్ళను చీర కట్టుకుని రమ్మని మరీ ఫోటోలు తీస్తున్నాడట. కట్టమ్మ మగ్గాలు మళ్ళీ పొద్దంతా ఆడాయి.

వచ్చిన నూలు పెట్టడానికి చోటు చాలక, ఆమె ఓదెలు గది తెరిచి ఊడ్చింది. మందునీళ్ళ వాసన ఇంకా పోలేదు. తలుపు వెనక ఒక జత బూట్లు ఉన్నాయి. అడవిలో నడవడానికి క్యాంపు వాళ్ళు ఆయనకిచ్చినవి. మట్టి తుడిచి, రెంటి లేసులూ కలిపి గట్టిగా ముడివేసి, గోడ వైపు తిప్పి పెట్టి పోయాడు ఓదెలు.