మేస్త్రి పొక్కు

గాజు కొలిమి సంగతి తెలియనివాళ్లకి ముందుగా ఒక మాట చెప్పాలి. అక్కడ ఊదుగొట్టం ఏ ఒక్కడి సొంతమూ కాదు. ఒకడు కరిగిన గాజుని గొట్టం చివర ముద్దగా చుట్టుకొచ్చి ఊదుతాడు, ఊపిరి చాలకపోతే పక్కవాడి నోటికి అందిస్తాడు. మధ్యలో కడుక్కోవడాలూ తుడుచుకోవడాలూ ఉండవు. తుడిచేలోగా బుడగ కుంగిపోతుంది, ఆ వంకర సామాను తర్వాత ఎవడు కొంటాడు? ఇంట్లో ఎంగిలి గ్లాసు ముట్టనివాడు కూడా అక్కడికొస్తే పదిమంది నోళ్లు తిరిగిన గొట్టాన్ని నోట పెట్టుకుంటాడు.

ఆ కొలిమికి ఒక పెద్ద మేస్త్రి ఉండేవాడు. చెయ్యి బంగారం, నోరు మాత్రం చేదు. ఆయనకి అప్పుడప్పుడు ఎడమవైపు పెదవి చివర మూతి పేలేది. ముందు ఎర్రగా ఉబ్బి, తర్వాత నీటి పొక్కులు లేచి, చితికి, పక్కు కట్టేది. ఎప్పుడొచ్చినా అదే చోటు, వెంట్రుకవాసి అటూ ఇటూ జరిగేది కాదు. అది లేచిన రోజున కొలిమిలో ఏదో ఒక పెద్ద సామాను పగిలేది. "మేస్త్రి మూతి లేచిందిరోయ్, ఇవాళ కూజాలు ముట్టుకోకండి" అనేవాళ్లు పనివాళ్లు. నిద్ర లేక, ఒళ్లు వెచ్చబడి, పని మీద పని పడ్డప్పుడు మూతి పేలుతుంది. అలాంటప్పుడే చెయ్యి కూడా వణుకుతుంది. చెయ్యి వణికితే గాజు పగలక ఏమవుతుంది? కానీ అంత తిన్నగా ఆలోచించే ఓపిక అక్కడ ఎవడికుంది. వాళ్లకి ఆ పొక్కు చెప్పిందే వేదం.

మేస్త్రికి కుడిభుజంలాంటి కుర్రాడు ఒకడుండేవాడు, మనిషి పొడవని అందరూ వాణ్ని పొడుగు అనే పిలిచేవాళ్లు. అసలు పేరు ఏదో ఉంది, దాంతో ఎవరికీ పని పడలేదు. తండ్రి మొహం ఎరగనివాడు. పని నేర్పిందీ, తిట్టిందీ, జ్వరమొస్తే దగ్గర కూర్చుని గంజి తాగించిందీ మేస్త్రే.

మేస్త్రి చివరగా చేసింది ఒక పెద్ద జాడీ. సగం ఊదాక దగ్గొచ్చి, గొట్టం పొడుగు నోటికి అందించాడు. మిగతా సగం పొడుగు ఊదాడు. మేస్త్రి బల్ల మీద కూలబడి, "బాగానే వచ్చిందిరా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట మెప్పు వినని పొడుగుకి అది వీడ్కోలు మాటలా వినబడింది. భయపడ్డట్టే అయింది. ఆ వారమే ఆయన ఊపిరితిత్తులు చేతులెత్తేశాయి.

ఆయన పోయిన కొద్దిరోజులకి పొడుగుకి జ్వరం తగిలింది. ఎవరో బాగా దగ్గరగా నిలబడి ఊపిరి వదులుతున్నట్టు ఎడమవైపు పెదవి చివర చిమచిమలాడింది. తుడుచుకుంటే ఏమీ లేదు. మర్నాటికి పొక్కు లేచింది. అద్దంలో చూసుకుని మంచం మీద కూర్చుండిపోయాడు. మేస్త్రిది ఎక్కడుండేదో సరిగ్గా అక్కడే.

కొలిమిలో అందరూ పని ఆపి చూశారు. గుండు అని ఒకడున్నాడు, పొడుగుతో పాటే మేస్త్రి దగ్గర పని నేర్చినవాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఆ రోజు మాత్రం తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. తర్వాత దగ్గరికొచ్చి, పొడుగు కళ్లలోకి కాకుండా పెదవి చివరకి చూస్తూ, "బాగున్నారా మేస్త్రీ" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు.

అప్పట్నుంచి అదే వరస. పొడుగు మూతి పేలిందంటే మేస్త్రి పనిలోకి వచ్చినట్టు లెక్క. ఆయన కూర్చునే బల్ల మీద కూర్చోబెట్టేవాళ్లు. గుండైతే అడ్డమైన సందేహాలన్నీ ఆ పొక్కునే అడిగేవాడు. "మేస్త్రీ, ఈ ముద్ద ఇంకాస్త కాలాలా?" అని. పొడుగు ఏదో ఒకటి చెప్పేవాడు. చెప్పాక తనే తెల్లబోయేవాడు, ఎందుకంటే ఆ సంగతి తనకెప్పుడూ తెలియదు. చెవి ముందు, దవడ లోపల వెచ్చగా ఏదో కదిలేది, మాట అక్కడినుంచి వచ్చేది. ఆ రోజుల్లో చెయ్యి తనది కాదన్నంత బాగా ఆడేది.

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. పెళ్లాం పెదవికి రాసుకోమని ఆయింట్‌మెంట్ తెచ్చిపెడితే, మూతైనా తీయకుండా అలమరలో పడేశాడు. తగ్గించుకుంటే మేస్త్రిని పొమ్మన్నట్టే కదా. తండ్రిలాంటివాణ్ని ఒకసారి సాగనంపాడు, రెండోసారి తన చేత్తో ఎలా పంపుతాడు?

పెళ్లాం అంటే పరాయిది కాదు, మేనమామ కూతురు. చిన్నప్పట్నుంచీ బావా బావా అని వెంట తిరిగిన పిల్ల. మూతి పేలిన రోజుల్లో ఆమెకి దూరంగా ఉండాలని పొడుగుకి తట్టలేదు. తట్టించినవాళ్లూ లేరు. నెల తప్పిన కొత్తలో ఆమెకి జ్వరమొచ్చి, నలుగురిలో చెప్పుకోలేని చోట పొక్కులు లేచాయి. సిగ్గుతో చచ్చిపోయి ఎవరికీ చెప్పలేదు. అలమరలో ఉన్న ఆ ఆయింట్‌మెంటే తీసి రాసుకుంది. పొక్కు పొక్కే కదా, పెదవైతేనేం ఇంకోటైతేనేం అనుకుంది. మంట తప్ప ఒరిగిందేమీ లేదు. దానంతటదే మానింది. నెలలు నిండుతుండగా మళ్లీ అదే చోట చిమచిమలాడింది. ఈసారి కడుపులో బిడ్డ గుర్తొచ్చి, సిగ్గు పక్కనపెట్టి, మొగుణ్ని వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

డాక్టరమ్మ పరీక్ష చేయించింది. ఫలితం చేతికొచ్చాక ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టింది.

"హెర్పిస్. ఇందులో రెండు రకాలుంటాయమ్మా. నీకు కింద వచ్చింది, మామూలుగా పెదవి మీద వచ్చే రకమే. ఎక్కడినుంచి వచ్చిందో ఊరంతా వెతకక్కర్లేదు, నీ పక్కనే కూర్చుంది."

పొడుగు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నేరం చేసినట్టు మొహం పెట్టకయ్యా. లోకంలో చాలామంది మోస్తున్నారు, సగం మందికి ఉందని కూడా తెలియదు. మీ కొలిమిలో ఒకే గొట్టం అంటున్నావు, ఇంక చెప్పేదేముంది."

"మందు ఇద్దరికీ ఒకటేనా?" అంది ఆమె.

"జాతి ఒకటే, వాడే తీరు వేరు. పెదవికి ఆయింట్‌మెంట్ రాస్తే ఎప్పుడో మానేది కాస్త ముందు మానుతుంది, అంతకంటే ఏం లేదు. కిందికి అది శుద్ధ దండగ. మాత్రలే నయం. పెదవికైతే చిమచిమ మొదలవగానే వాలసైక్లోవిర్ పెద్ద మోతాదు, పొద్దునా సాయంత్రం, ఒక్కరోజు వేసుకుంటే చాలు. పొక్కు లేచాక వేసుకుంటే దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టే. కిందికి అలా ఒక్కరోజుతో తేలదు. లేచినప్పుడు కొన్నిరోజులు వాడాలి. మాటిమాటికీ లేస్తుంటే రోజూ వాడాలి. నీకు ఎసైక్లోవిర్ రాస్తున్నాను, కాన్పు దాకా రోజూ వేసుకో, ఒక్క పూట కూడా మానకు. మొదటిసారి రావడమే ఇప్పుడు వచ్చి ఉంటే ఇంకా భయపడేదాన్ని. అయినా కాన్పు వేళకి పొక్కు ఉందంటే కడుపు కోసి తీస్తాను. పసిగుడ్డుకి అంటితే అది మూతితో ఆగదు, మెదడుకెక్కుతుంది. ప్రాణం మీదికొస్తుంది."

"వాడితే పూర్తిగా పోతుందా?" అన్నాడు పొడుగు. పోవాలని అడుగుతున్నాడో, పోకూడదని అడుగుతున్నాడో డాక్టరమ్మకి అర్థం కాలేదు.

"ఏ మందుకీ పోదు. లేవకుండా పడుకోబెడతాం, అంతే. ఈమెది నడుం కింద, వెన్ను చివర నరాల్లో పడుకుంటుంది. నీది ఇక్కడ" అని తన చెవి ముందు, దవడ మీద వేలు పెట్టి చూపించింది.

పొడుగు చెయ్యి తన దవడ మీదికి పోయింది. దవడ లోపల మాట పుట్టే చోటు అతను ఎవరికీ చెప్పలేదు.

"ఇంకోటి. బిడ్డ పుట్టాక మూతి పేలినవాళ్లెవరూ ముద్దు పెట్టకూడదు. కన్నతండ్రైనా సరే" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక ఆమె కిటికీ దగ్గర కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"బావా, ఆ పొక్కు మీ మేస్త్రేనని కొలిమంతా అంటారు కదా. అయితే ఇప్పుడు ఆయన నాలో కూడా ఉన్నాడా?"

పొడుగు తనకి డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రలు చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"మొన్నట్నుంచి నడుంలో ఎవరో పక్క మీద దొర్లుతున్నట్టుంటోంది. బిడ్డ కదిలితే అదీ కదులుతోంది. బతికున్నప్పుడు మీ మేస్త్రిని ఒక్క మాట అన్నానా? నీకు తండ్రి, నాకు మామ అనుకున్నాను. కానీ నా బిడ్డ పక్కన నాకు ఆయన వద్దు."

ఆమె ఆ పూటే మాత్ర వేసుకుంది. పొడుగు మాత్రలు మాత్రం చొక్కా జేబులోనే ఉండిపోయాయి. ఒకవైపు పెళ్లాం, ఆమె కడుపులో బిడ్డ. ఇంకోవైపు కొలిమంత వెచ్చటి మనిషి. ఎటూ తేల్చుకోలేక లోలోపల నలిగిపోయాడు.

కాన్పు దగ్గరపడ్డప్పుడు, పొద్దున్నే కొలిమిలో ముద్ద చుడుతుండగా పెదవి చివర ఆ ఊపిరి తగిలింది. అతను పెదవి తడుముకోవడం చూసి గుండు చేతిలో పని వదిలేసి వచ్చాడు.

"వస్తున్నారా?" అన్నాడు గుసగుసగా.

పొడుగు జేబులోంచి మాత్రలు తీశాడు. దవడ లోపల వెచ్చదనం ఒక్కసారి బిగుసుకుంది. "ఒరేయ్, నేన్రా" అని వినబడింది. తిట్టు కాదు. బతికున్నన్నాళ్లూ ఎవర్నీ ఏదీ అడగని మనిషి, బతిమాలుతున్నాడు. పొడుగు చెయ్యి నోటి దాకా వెళ్లి ఆగింది. కడుపులో దొర్లే బిడ్డ గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని మింగాడు. సాయంత్రం రెండో మోతాదు మింగేటప్పుడు ఆ గొంతు చాలా దూరంగా, అర్థం కాకుండా ఉంది.

మర్నాడు పొక్కు లేవలేదు. పెదవి నున్నగా, ఎవరిదో అన్నట్టు ఉంది. ఊదితే బుడగ మామూలుగా వచ్చింది, చెయ్యి మామూలుగా ఆడింది. పనివాళ్లు ఆ బల్ల తుడిచి, గోడవారకి జరిపి, పొడుగుతో మాట్లాడటం తగ్గించారు. వాళ్ల మొహాల్లో కోపం కంటే దుఃఖమే ఎక్కువ. అతనికీ ఏడుపొచ్చింది, పెరట్లో కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చాడు.

కాన్పు వేళకి డాక్టరమ్మ దీపం పట్టుకుని మరీ వెతికింది. ఎక్కడా ఏమీ లేదంది. ఆడపిల్ల పుట్టింది, నల్లటి జుట్టుతో, ఇల్లెగిరిపోయే గొంతుతో. పొడుగు ఆ పిల్లని ఎత్తుకుని, మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. డాక్టరమ్మ పెట్టిన భయం ఇంకా పోలేదు.

పిల్ల ఇంటికొచ్చిన కొన్నాళ్లకి, మిట్టమధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే గుండు. ఉతికిన చొక్కా వేసుకుని, కళ్లనిండా నీళ్లతో, ఒకవైపే నవ్వుతున్నాడు. రెండోవైపు నవ్వడానికి వీల్లేదు. ఎడమ పెదవి చివర నీటిపొక్కులు తడితడిగా మెరుస్తున్నాయి. గుండుకి జన్మలో మూతి పేలింది లేదు.

"నువ్వు కాదంటే గాల్లో కలిసిపోతారనుకున్నావా? నా దగ్గరికొచ్చార్రా" అన్నాడు.

అబద్ధమెందుకు, పొడుగుకి ముందు పట్టరాని సంతోషం వేసింది. ఆయన పోలేదు, తను చంపలేదు. వాటేసుకుందామని చేతులు చాచాడు కూడా. అప్పుడే లోపల పిల్ల ఏడ్చింది. గుండు తల చటుక్కున అటు తిరిగింది.

"ఏదిరా నా మనవరాలు?"

ఆ గొంతు గుండుది కాదు. వెనకాలే వచ్చిన దగ్గు కూడా గుండుది కాదు.

కొలిమిలో ఒక పద్ధతుంది. పనివాడి ఇంట బిడ్డ పుడితే మేస్త్రి వచ్చి, నోటికి నోరు ఆనించి ఒక ఊపిరి పోస్తాడు. గుండు పిల్లలకి మేస్త్రే పోశాడు. ఇప్పుడు ఆయన ఎందుకొచ్చాడో పొడుగుకి ఒక్క క్షణంలో అర్థమైంది. గుండు అప్పటికే గడప దాటి కాలు లోపల పెట్టాడు.

పొడుగు అతని గుండెల మీద చెయ్యి అడ్డం పెట్టాడు. కళ్లలోకి చూడలేదు. పెదవి చివరకే చూస్తూ అన్నాడు.

"మేస్త్రీ, నీ కాళ్లు పట్టుకుంటా. ఈ ఇంటికి రావద్దు."

"ఒక్క ఊపిరేరా. నేను తాతని కానూ?"

"తాతవే. అయినా వద్దు."

గుండు ఆగలేదు. మనిషి పొట్టివాడే, కానీ కాలిన గాజు ముద్దలాగా బరువుగా, వేడిగా మీదికి ఒరిగాడు. పొడుగు ఉన్న బలమంతా పెట్టి తోశాడు. అతను మెట్ల మీద పడ్డాడు. పొడుగు తలుపేసి, గడియ పెట్టి, వీపు ఆనించి నిలబడ్డాడు. బయట దగ్గు చాలాసేపు వినబడింది. పిలుపు లేదు, తిట్టు లేదు. తర్వాత అడుగులు, నిదానంగా, ముసలివాడి అడుగులు, వీధి చివరిదాకా వెళ్లాయి. పొడుగు అక్కడే చతికిలబడి, చప్పుడు రాకుండా రెండు చేతులతో నోరు మూసుకుని, తండ్రి పోయినవాడిలా ఏడ్చాడు.

"ఎవరు బావా?" అంది ఆమె గదిలోంచి, పిల్లకి పాలిస్తూ.

"మేస్త్రి వచ్చాడు. పంపించేశాను."

ఆమె పిల్లని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. తర్వాత, గడియ సరిగ్గా పడిందో లేదో ఇంకోసారి చూడమంది.