మన్ను అడగని మొక్క

1934 అక్టోబరు ఏడు, ఆదివారం. చర్చి నుంచి వచ్చి, అక్కా నేనూ జొన్న సంగటి, చెనిక్కాయల ఊరిబిండి తింటున్నాము. అప్పుడే రైలు దిగిన లాజరు తడి గోనెపట్టలో చుట్టిన మూటతో గుమ్మంలోకి వచ్చాడు. కాలేజీలో నా తోటివాడు. మలబారులోని వయనాడులో ఒక కాఫీ తోటలో గుమాస్తా.

మూటలో ఒక మొక్క ఉంది. పట్టీల్లాంటి ఆకులు, వేలాడే తెల్లని లావు వేర్లు. అక్కడి వాన అడవుల్లో చెట్ల కొమ్మలు పట్టుకుని బతుకుతుందట.

"దీనికి మన్ను పెట్టొద్దక్కా. నీడ, తేమ, గాలి ఉంటే చాలు. పూస్తే జడగుచ్చు మాదిరి వేలాడతాది," అని మా అక్క విశ్వాసమ్మకు చెప్పాడు. పక్కలంతా చిల్లులున్న కుండలో బొగ్గులు, కొబ్బరి పీచు వేసి, దాన్ని అందులో కూర్చోబెట్టి వెళ్లాడు.

నా భార్య పోయాక నాకింత వండిపెట్టడానికి అక్క కడప వచ్చింది. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. మా వాళ్లలో విత్తనాల మీద ప్రార్థన పాదిరిగారు చేసినా, తొలి సాలులో గింజ వేసేది మాత్రం చేతివాసి ఉన్న ఆడమనిషే. అక్క చేతికి వాసి లేదని ఓర్వకల్లులో అత్తవారు ఆమెను విత్తనాల రోజు చేనికి రానిచ్చేవారు కాదు. ఆ మాట ఆమె కూడా నమ్మింది. మా పెరట్లో ఒక్క గింజ నాటలేదు.

"ఇది నాటేది కాదు గదా, నేను చూసుకుంటాలే," అంది ఆ రోజు.

పక్కింటి దాసన్నకు ఊరి బయట కొంచెం చెనిక్కాయల చేను ఉంది. అతడు గోడ మీద నుంచి చూసి నవ్వాడు. "చిల్లుకుండకు నీళ్లు పోసేదాన్ని కడపలో నిన్నే చూస్తాండా అక్కా! బాయి ఎండిపోతాది జూడు!"

అక్కకు ఆ మాట తగిలింది. ఎక్కడో లోతున ఉన్న నీళ్లు చేది తెచ్చేది ఆమే. ఒక్క చుక్క వృథా అయినా ప్రాణం ఒప్పదు. బంకమన్ను పిసికి చిల్లులన్నీ మూసేసింది. కొన్ని వారాలకు ఆకులు పసుపెక్కాయి. వేర్లు నల్లబడి కుళ్లిపోయాయి.

"చూసినావా ఏసేపూ? మన్నులో నాటకపోయినా నా చెయ్యి అంతే," అని కుండను దిబ్బలో పారెయ్యబోయింది.

"చెయ్యి కాదక్కా, చిల్లులు మూసినావు. వేర్లకు ఊపిరి ఆడలేదు."

"వేర్లకు ఊపిరేందిరా!"

అన్నదే గానీ, కుండ పగలగొట్టి చూసింది. రెండు వేర్లు ఇంకా తెల్లగా ఉన్నాయి. రెండైనా ఉన్నాయి కదా అనిపించింది నాకు. కుళ్లినవాటిని తానే కత్తితో కోసేసి, మొక్కను వేపచెక్కకు పాత చీర అంచుతో వదులుగా కట్టింది. దాన్ని చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగి, చివరికి నీళ్ల కుండల దగ్గర ఆగింది. అక్కడ కింద ఇసుక ఎప్పుడూ తడే, పైన చిన్న కిటికీ.

"ఎండాకాలంలో ఈడ నాకే హాయిగా ఉంటాది. దానికుండదా?"

అక్కడే వేలాడదీసింది. బావినీళ్లకు ఆకుల మీద తెల్లని మరకలు పడుతున్నాయని, చూరు నుంచి వాన నీళ్లు పట్టి దాచింది. రోజూ పొద్దున ఒక దోసెడు చల్లేది. వేర్లు ఆరితే గానీ మళ్లీ తడిపేది కాదు. మరుసటి ఏడు పువ్వు లేదు. పచ్చటి కొనతో కొత్త వేరు ఒకటి వచ్చిన రోజు మాత్రం, "ఒరే ఏసేపూ, వేరు ఏసిండాది రా!" అని వీధంతా వినబడేటట్టు అరిచింది.

ఆ పై ఏడు జూన్‌లో పూసింది. తెల్లని పువ్వులు, వాటి మీద ఊదా చుక్కలు, నిజంగా జడగుచ్చే. దాసన్న, అతని భార్య రత్నమణి చూడ్డానికి వచ్చారు. దాసన్న వేపచెక్కను వెనక్కి తిప్పి, ఎక్కడా మన్ను లేదని చూసుకున్నాడు.

"అక్కా, రేపు మా చేన్లో ఇత్తనం. తొలి సాలు నువ్వే ఎయ్యల్ల," అన్నాడు.

అక్క ముఖం మారిపోయింది. "వద్దప్పా. పంట రాకుంటే నన్నంటారు."

"రాకుంటే వాననంటాం, నిన్నెందుకంటాం? కడపలో మలబారు అడవిని పూయించినదానివి!"

"ఒప్పుకో అక్కా," అంది రత్నమణి. "లేకుంటే ఈయప్ప రాత్రంతా నన్ను ఏపుకు తింటాడు."

అక్క తన అరచేతిని చూసుకుంది. కొంగుతో తుడుచుకుంది.

"ఎన్ని గంటలకు రావల్ల?"

"తెల్లారకముందే."

ఆ సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే నాకు అన్నం పెట్టేసింది. ఉతికిన చీర తీసి దండెం మీద వేసుకుంది. "నువ్వు చదువుకుంటా కూచోరా, నేను పొద్దున్నే లేయల్ల," అని తన గదిలోకి పోయి, మెల్లగా తలుపు వేసుకుంది.